వెనిస్ వెళ్లిన రోజు

చైతన్యన్న పాఠం చెబుతుంటే అశోక్‌నగర్‌లో ఆ వీధి మలుపు దాకా వినిపించేది. కోచింగ్ సెంటర్ రెండో అంతస్తులో ఉండేది. గ్రూప్స్‌కు చదివే పిల్లలు గదిలో పట్టక మెట్ల మీద కూడా కూర్చునేవాళ్లు. మైకు ఉన్నా అతను దాన్ని పక్కన పెట్టేసేవాడు. చిక్కడపల్లి నుంచి నడుచుకుంటూ వాళ్లింటికి వెళ్లేటప్పుడు నేను కింద చాయ్ బండి దగ్గర కాసేపు ఆగి వినేదాన్ని. నాకు గ్రూప్స్‌తో పనిలేదు, బషీర్‌బాగ్‌లో ఒక ఆడిటర్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. ఆ గొంతు వినడానికి బాగుండేది, అందుకే ఆగేదాన్ని.

జూన్‌లో, ఇటలీకి బయల్దేరే ముందురోజు సాయంత్రం కూడా అలాగే ఆగాను. ఆ రోజు ప్రపంచ చరిత్ర నడుస్తోంది. వెనిస్ ఓడల వ్యాపారం గురించి చెబుతూ మధ్యలో ఆపి, "మా చెల్లెలు ఆ పక్క ఊళ్లోనే చదువుతోంది. రైలెక్కితే అరగంట. నేనేమో ఆ ఊరు గోడ మీద పటంలో చూసి మీకు పాఠం చెబుతున్నాను" అన్నాడు. పిల్లలంతా నవ్వారు.

ఆ చెల్లెలు నాగశ్రీ. నారాయణగూడలో ఇంటర్ చదివినప్పటి నుంచి నా స్నేహితురాలు. పాదువా అనే పాత ఊళ్లో, కొన్ని వందల ఏళ్లనాటి యూనివర్సిటీలో నీటి ఇంజనీరింగ్ చదువుతోంది. వానాకాలం వస్తే వాళ్లింటి వెనక నాలా పొంగి వీధిలోకి వచ్చేది. ఆ నాలా పుణ్యమే నా చదువు అనేది తను. రావే, రావే అని ఏడాదిగా పిలుస్తూంటే చివరికి సెలవు దొరికింది. నేను విమానం ఎక్కడం అదే మొదటిసారి.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి వాళ్లమ్మ సుబ్బలక్ష్మి ఆంటీ గోంగూర పచ్చడి డబ్బాలకు టేపు చుడుతోంది.

"నూనె కారితే నీ బట్టలన్నీ పాడైపోతాయి రచనా. ఇంకో కవరు చుట్టనా?"

"చాలు ఆంటీ. గిది చూస్తే ఎయిర్‌పోర్టుల పరేషాన్ అయితరు, బాంబనుకుంటరు."

చైతన్యన్న క్లాసు ముగించుకుని వచ్చి, చెప్పులు విప్పుతూనే అన్నాడు. "రచనా, గురువారం దాకా దాన్ని ఎక్కడికీ తిప్పకు. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చోబెట్టి నోటితో ప్రశ్నలడుగుతాడట. ఈ ఒక్కటీ తప్పిందంటే స్కాలర్‌షిప్ ఆపేస్తారు."

"నేనేం తిప్పుత అన్నా? నాకు వెనిస్ ఒక్కటి చూపిస్తే చాలు."

"శుక్రవారం వెళ్లండి, పరీక్ష అయ్యాక. అక్కణ్ణించి నాకు వీడియో చెయ్యండి. నేనూ చూస్తాను."

వాళ్ల నాన్న పోయాక తల్లీ ఇద్దరు పిల్లలే ఆ ఇల్లు. ఏ మాటైనా ముగ్గురూ కూర్చుని అనుకునేవాళ్లు. నాగశ్రీని అంత దూరం పంపాలా వద్దా అని వాళ్లు మాట్లాడుకున్న సాయంత్రం నేనూ అక్కడే ఉన్నాను. అందుకే ఆ ఇంట్లో నన్ను బయటి మనిషిగా ఎవరూ చూసేవారు కాదు.

పాదువాలో వీధులకు రెండు వైపులా కమాను వరండాలు ఉంటాయి. ఇళ్లన్నీ పేవ్‌మెంటు మీదికి వంగి గొడుగు పట్టినట్టుంటాయి. "ఎంత వానొచ్చినా తడవకుండా ఊరు ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లొచ్చు. మన నారాయణగూడలో ఇలాంటివి కట్టి ఉంటే ఎంత బాగుండేది" అంది నాగశ్రీ, నా సూట్‌కేసు రాళ్ల దారి మీద లాక్కెళ్తూ. చిక్కిపోయింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. గదికి చేరగానే కుక్కర్ పెట్టి, అన్నం దిగకముందే డబ్బా టేపు ఊడబీకి పచ్చడి వేలితో తీసుకుని నాకింది. కళ్లు తుడుచుకుని "కారం" అంది.

సోమవారం పొద్దున తను లైబ్రరీకి వెళ్లింది. నేను ఊళ్లో ఉన్న పెద్ద మైదానంలో, కాలవ చుట్టూ రాతి బొమ్మలు నిలబెట్టిన చోట, గడ్డి మీద కూర్చున్నాను. అమ్మ ఫోన్ చేసింది.

"నువ్వొక్కదానివే ఉన్నవా? నాగశ్రీ పక్కన లేదు గద?"

"లేదు. ఏమైందే?"

"చైతన్యకు దెబ్బ తగిలిందే. నిన్న సాయంత్రం వాన పడ్డది. నారాయణగూడ ఫ్లైఓవర్ దిగంగ బండి జారింది. హెల్మెట్ ఉండె గని పట్టీ పెట్టుకోలె. తలకే తగిలింది. ఆపరేషన్ చేసిన్రు, ఇంక తెలివి రాలె. ఆగు, వాళ్లమ్మ నీతోని మాట్లాడుతదట."

ఆంటీ గొంతు మామూలుగానే ఉంది. బహుశా అప్పటికే ఏడవడం అయిపోయి ఉంటుంది.

"రచనా, దానికి చెప్పకమ్మా. చెప్తే పరీక్ష వదిలేసి వచ్చేస్తుంది. వచ్చి మాత్రం ఇక్కడేం చేస్తుంది, నాతోపాటు బయట బెంచీ మీద కూర్చోవడం తప్ప? రేపు వాడు లేచి, నా వల్ల దాని చదువు పోయిందని తెలిస్తే నన్ను క్షమించడు. గురువారం అయిపోనీ. అప్పుడు నువ్వే పక్కనుండి నిదానంగా చెబుదువుగాని."

"గట్లనే ఆంటీ" అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నమే మొదటి అబద్ధం ఆడాల్సి వచ్చింది.

"అన్నయ్య ఫోన్ ఎత్తట్లేదేంటే?"

"నీళ్లల్ల పడ్డదట. రిపేరుకిచ్చిండు."

"అమ్మ ఫోన్‌లోంచి చెయ్యొచ్చుగా?"

"ఎగ్జామ్ డేటొచ్చింది గద, పొద్దుమాపు క్లాసులేనట. ఆంటీ చెప్పింది."

తను తలూపి పుస్తకంలోకి వంగింది. నేను అబద్ధాలు ఆడలేనని నాకో నమ్మకం ఉండేది. అది ఎంత సులువుగా వచ్చిందో చూసి నాకే భయం వేసింది. తర్వాతి రోజుల్లో ఇంకా మెరుగుపడ్డాను. పెరుగు కొనుక్కొస్తానని కిందికి వెళ్లి, వీధి మూల మీద నిలబడి అమ్మకు ఫోన్ చేసేదాన్ని. "ఇంక లేవలె" అనేది అమ్మ. పెరుగుతో పైకి వచ్చి, ప్రొఫెసర్ కుర్చీలో కూర్చున్నట్టు కూర్చుని, నాగశ్రీ ఇచ్చిన ప్రశ్నలు చదివేదాన్ని. వరద నీటిని ఎలా లెక్కగడతారో, ఏ నది గట్టు ఎందుకు తెగిందో తను గోడకేసి చూస్తూ చెప్పేది. ఎక్కడైనా ఆగిపోతే, "అన్నయ్యయితే ఇక్కడ ఏదో కథ చెప్పి దాటేసేవాడు" అని తనే నవ్వేది. నేనూ నవ్వేదాన్ని.

గురువారం పరీక్ష బాగా జరిగింది. బయట వరండాలో ఎదురుచూస్తున్న నన్ను పరుగున వచ్చి వాటేసుకుంది. మంచి మార్కులే వచ్చాయి, స్కాలర్‌షిప్‌కు ఇక భయం లేదు. అక్కడే నిలబడి ఆంటీకి ఫోన్ చేసింది. ఆంటీ "మంచిది తల్లీ, మంచిది" అని, పొయ్యి మీద ఏదో ఉందని పెట్టేసింది. నాతో ఏమీ అనలేదు. ఆమె చెప్పమంటేనే కదా చెప్పాలి అనుకున్నాను. అలా అనుకుంటే నాకూ హాయిగానే ఉంది.

శుక్రవారం పొద్దున పాదువా స్టేషన్లో వెనిస్ రైలు కోసం నిలబడ్డాం. నాగశ్రీ టికెట్లు మిషన్లో ముద్ర వేయించుకు రావడానికి వెళ్లింది. అప్పుడే ఆంటీ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాను.

"రచనా, వాడు కళ్లు తెరిచాడమ్మా. మాట్లాడుతున్నాడు. నన్ను గుర్తుపట్టాడు. చెల్లి ఏదీ అని అడుగుతున్నాడు. పరీక్ష అయిపోయిందిగా, ఇంక దానికి చెప్పెయ్యి. చెప్పి, వెంటనే నా ఫోన్‌కి చేయించు. సిస్టరమ్మ లోపలికి ఫోన్ తీసుకెళ్లనిస్తానంది. వాడికన్నీ గుర్తున్నాయి. ఇవాళ వాళ్లు వెనిస్ వెళ్తారు కదా అంటున్నాడు."

అక్కడున్న ఇనుప బెంచీ మీద కూర్చున్నాను. బతికాడు, మాట్లాడుతున్నాడు. అంత సంతోషంలో వెంటనే వచ్చిన ఆలోచన ఏమిటంటే, ఇంక తొందరేముంది అని. ఇప్పుడు చెబితే నాగశ్రీ ఏడుస్తుంది. ఆంటీ మీద, నా మీద మండిపడుతుంది. గదికి తిరిగి వెళ్లి విమానం టికెట్ల కోసం వెతుకుతుంది. వెనిస్ ఉండదు. ఆదివారం నా ప్రయాణం. మళ్లీ ఎప్పుడొస్తాను? చైతన్యన్నే గుర్తుపెట్టుకుని మరీ అడిగాడు కదా, వెనిస్ వెళ్తారు కదా అని. వెళ్లమన్నట్టే కదా.

"మస్తు సంతోషం ఆంటీ. సాయంత్రం వాపస్ రాంగనే చెప్పి ఫోన్ చేయిస్త" అని మెసేజ్ పెట్టాను.

కాసేపటికి జవాబు వచ్చింది. "సరే తల్లీ, సాయంత్రమే చేయించు. వాడూ కాస్త పడుకుంటాడు."

నాగశ్రీ వచ్చి "ఎవరే?" అంది.

"అమ్మ. ఆఫీసోళ్లు ఫోన్ చేసిన్రట."

రైలొచ్చింది. ఎక్కాం.

వెనిస్ గురించి నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే, ఆ హడావుడిలో ఏం చూశానో గుర్తులేదంటాను. కానీ అంతా గుర్తుంది. స్టేషన్ మెట్లు దిగగానే ఎదురుగా రోడ్డు ఉండాల్సిన చోట నీళ్లుంటాయి. బస్సు ఆగాల్సిన చోట పడవ ఆగుతుంది. ఎవరింటికో వాషింగ్ మెషీన్ దింపుతూ ఒక పడవ, చెత్త బస్తాలతో ఇంకో పడవ వెళ్తుంటాయి. ఒక కాలవ పక్క ఐస్‌క్రీం తింటుంటే సైరన్ మోగించుకుంటూ తెల్లటి పడవ నీళ్లు చీల్చుకుని పోయింది. గట్టు మీద మా కాళ్లు తడిశాయి.

"చూశావా, ఇక్కడ అంబులెన్సు కూడా పడవే" అంది నాగశ్రీ.

అది మలుపు తిరిగేదాకా చూశాను. అప్పుడైనా నోరు తెరవాల్సింది.

పెద్ద వంతెన మీద తను ఫోన్ తీసి, తన మొహం, వెనకాల నీళ్లు పడేలా పట్టుకుని మాట్లాడింది. "అన్నయ్యా, నువ్వు పాఠం చెప్పే ఊరు ఇదే. ఓడలు లేవు, అన్నీ టూరిస్టు పడవలే. నీ ఫోన్ బాగయ్యాక చూడు. పరీక్ష పాసయ్యాను. రచన ఏం తిన్నా ఉప్పు తక్కువంటోంది." ఫోన్ నా వైపు తిప్పింది. నేను చెయ్యి ఊపాను. ఆ వీడియో ఇప్పటికీ వాళ్లింట్లో ఉంది. అందులో నేను నవ్వుతూ ఉంటాను. నటించిన నవ్వు కాదది. ఆ రోజు నేను నిజంగానే సంతోషంగా ఉన్నాను. నా ఫోన్ సైలెంట్‌లో పెట్టి సంచి అడుగున పడేశాను. మర్చిపోయి కాదు, ఆ ఒక్క పగలు నాకు కావాలనిపించి.

తిరుగు రైల్లో ఇంకా ఎండ ఉంది. కిటికీ పక్క నాగశ్రీ కళ్లు మూసుకుని ఉంది. సంచిలోంచి ఫోన్ తీశాను. అమ్మ ఎన్నిసార్లు చేసిందో. తలుపు దగ్గరికి వెళ్లి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నవే? మధ్యాహ్నం సంది చేస్తున్న. మళ్ల రక్తం కారిందట లోపట. మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే పడిపోయిండు. మళ్ల లోపటికి తీస్కపోయిన్రు. నాగశ్రీకి చెప్పినవా లేదా?"

సీటు దగ్గరికి వచ్చి తన మోకాలి మీద చెయ్యి వేశాను. కళ్లు తెరిచి నన్ను చూసి, లేచి నిటారుగా కూర్చుంది. చెప్పాను. బండి జారిందని, ఆపరేషన్ అయిందని, ఇప్పుడు ఇంకోటి జరుగుతోందని.

"ఎప్పుడు పడ్డాడు?"

"ఆదివారం."

"ఆదివారం నుంచి నీకు తెలుసా?"

"సోమవారం తెలిసింది. పరీక్ష అయ్యేదాంక చెప్పొద్దన్నది ఆంటీ."

అది నిజమే. ఆ నిజం వెనక నేను దాక్కున్నాను. తను స్టేషన్ వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. మర్నాడే తనకు విమానం దొరికింది. నా టికెట్ మార్చుకుని నేనూ తనతోనే బయల్దేరాను. దారి పొడుగునా నా చెయ్యి పట్టుకునే ఉంది. ఆ చెయ్యి ఎలా విడిపించుకోవాలో నాకు తెలియలేదు.

చైతన్యన్న బతికాడు. జులై సగానికి ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి సరిగా లేవదు, కుంటుతూ నడుస్తాడు. మనుషులందర్నీ గుర్తుపడతాడు, మనం చెప్పేదంతా అర్థమవుతుంది. మాట మాత్రం రాదు. నీళ్లు కావాలంటే "అది, అది" అంటాడు. ఒక్కోసారి నీళ్లకు "తలుపు" అంటాడు. తప్పని తనకే తెలిసి, ఎడమ చేత్తో మంచం పట్టీ మీద కొడతాడు. మెదడులో మాట పలికించే చోటే దెబ్బ తగిలిందని, నెమ్మదిగా కొంత రావచ్చని డాక్టరు చెప్పాడు. పాఠం చెప్పడం గురించి ఎవరూ అడగలేదు. కోచింగ్ సెంటర్ వాళ్లు ఇంకొకర్ని పెట్టుకున్నారు. మొదట్లో పిల్లలు పళ్లు తెచ్చి ఇచ్చి, గోడవారగా నిలబడి వెళ్లేవాళ్లు. వాళ్లను చూస్తే చైతన్యన్న కళ్లవెంట నీళ్లు కారేవి. తర్వాత వాళ్లు రావడం తగ్గించారు.

నాగశ్రీ రోజంతా అన్న పక్కనే కూర్చుని మాటలు నేర్పేది. ఒక్కో వస్తువు ఎత్తి చూపించి, మొదటి అక్షరం అందించి, ఎదురుచూసేది. నేను ఆఫీసు కాగానే బషీర్‌బాగ్ నుంచి నేరుగా అక్కడికే వెళ్లేదాన్ని. ఒకరోజు వాళ్లు ఆసుపత్రిలో చూపించుకుని వచ్చాక నేను వెళ్లాను. ఆంటీ నాకు ప్లేటులో ఉప్మా పెట్టి ఇచ్చింది. నాగశ్రీ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అన్నయ్య శుక్రవారం పొద్దున్నంతా మాట్లాడాడట. ఇవాళ సిస్టర్ చెప్పింది. నా గురించి అడిగాడట."

ఆంటీ స్టౌ తుడుస్తోంది.

"పరీక్ష గురువారమే అయిపోయింది. అప్పుడైనా నాకు చెప్పాలనిపించలేదా అమ్మా? ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడేదాన్ని కదా. వాడి మాట ఒక్కటి వినేదాన్ని కదా."

నా నోట్లో ఉప్మా ఉంది. ఆంటీ నా వైపు చూడలేదు.

"తోచలేదే" అంది. "ఆ కంగారులో నాకు తోచలేదు."

నాగశ్రీ లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

"ఆంటీ, ఎందుకట్ల చెప్పిన్రు?" అన్నాను, గొంతు తగ్గించి.

"మరేం చెప్పమంటావు? నువ్వు సాయంత్రం అన్నావు, నేనూ సరే అన్నాను. అలా అవుతుందని ఎవరికి తెలుసు?" గుడ్డ పిండి ఆరేసింది. "నేను తల్లిని. నా మీద ఎన్నాళ్లు కోపం పెట్టుకుంటుంది? దానికిప్పుడు మాట్లాడుకోవడానికి నువ్వొక్కదానివే ఉన్నావు. తిను, చల్లారిపోతోంది."

తిన్నాను. ఆ రోజే లేచి వెళ్లి ఆ తలుపు కొట్టాల్సింది. వెనిస్‌లో నోరు తెరవకపోవడం ఒక పగటి సంగతి. ఇది వారాల తరబడి నడిచింది.

ఆ వారాల్లో నాగశ్రీ తల్లితో మాట్లాడడం మానేసింది. ఆమె వండింది తినేది కాదు. హాస్టల్ పిల్లలు తినే మెస్ నుంచి తనకూ అన్నకూ పార్సిల్ తెచ్చుకునేది. ఆంటీ రోజూ ముగ్గురికీ వండేది. మిగిలింది కింద వాచ్‌మన్ భార్య మాసమ్మకు ఇచ్చేది. ఇద్దరి మధ్యా నేను మాటలు మోసేదాన్ని. "చైతన్య మాత్రలు అయిపోతున్నాయని దానికి చెప్పు" అనేది ఆంటీ. "మంగళవారం డాక్టర్ రమ్మన్నాడని ఆవిడకు చెప్పు" అనేది నాగశ్రీ. కన్నతల్లిని ఆవిడ అంటుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. బోనాల రోజు అమ్మ పంపిన గారెలు తీసుకెళ్తే, నాగశ్రీ వాటిని ఇష్టంగా తిని, "మీ అమ్మ నీ దగ్గర ఏదీ దాచదు కదే" అంది. పక్క గదిలో ఆంటీకి వినిపించే ఉంటుంది.

ఆగస్టులో యూనివర్సిటీ నుంచి మెయిల్ వచ్చింది, తర్వాతి సెమిస్టర్‌కు వస్తున్నావా లేదా అని. చైతన్యన్న దాన్ని తనే ఫోన్‌లో చదివి, చెల్లెల్ని చూసి, చేత్తో గాల్లోకి విమానం ఎగిరినట్టు చూపించాడు. వెళ్లు, వెళ్లు అని. తను తల అడ్డంగా ఊపింది.

ఆ సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తున్నాం. చినుకులు మొదలయ్యాయి.

"అన్న పొమ్మంటుండు గదనే. ఆంటీ చూసుకుంటది, నేనున్న" అన్నాను.

"మళ్లీ వాడికి ఏదైనా అయితే నాకెవరు చెప్తారు? నాలుగు రోజులాగి చెప్దామనుకుంటుంది ఆవిడ. అక్కడ కూర్చుని రోజూ ఫోన్లో ఆవిడ గొంతు విని, నిజమా అబద్ధమా అని ఆలోచించాలా? నేను వెళ్లను రచనా. చదువు అక్కర్లేదు."

నా చేతిలో చైతన్యన్న చొక్కా ఉంది. మడత పెడుతూనే అన్నాను.

"శ్రీ, శుక్రవారం పొద్దున ఆంటీ చెప్పమన్నది. నేనే చెప్పలె."

తను క్లిప్పులు తీస్తోంది. చెయ్యి ఆగలేదు.

"మెసేజ్ పెట్టింది. అన్న లేచిండు, నిన్ను అడుగుతుండు, ఫోన్ చేయించు అన్నది. నేను సాయంత్రం చేయిస్త అన్న."

"ఎప్పుడొచ్చింది?"

"స్టేషన్ల. నువ్వు టికెట్లకు ముద్ర ఏపియ్య పోయినప్పుడు."

"రైలెక్కకముందు."

"ఎక్కకముందే."

క్లిప్పులు డబ్బాలో వేసింది. ఒకటి కింద పడితే వంగి తీసింది.

"ఎందుకు?"

చాలా రోజులుగా ఈ ప్రశ్నకు జవాబులు తయారు చేసుకుని ఉన్నాను. అన్న బాగైపోయాడనుకున్నాను, నువ్వు అలసిపోయి ఉన్నావు, అన్నే వెనిస్ వెళ్లమన్నాడు. ఏదీ నోటికి రాలేదు.

"నాకు వెనిస్ చూడాలనుండె" అన్నాను.

చినుకులు పెద్దవయ్యాయి. తను బట్టలన్నీ రెండు చేతుల్లోకి ఎత్తుకుంది. నా చేతిలోని చొక్కా కూడా తీసుకుంది. మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండా అడిగింది. "అన్నయ్య ఏమన్నాడట?"

"చెల్లి ఏదీ అన్నడట. ఇయ్యాల వాళ్లు వెనిస్ పోతరు గద అన్నడట."

దిగి వెళ్లిపోయింది. నేను వానలోనే కొంతసేపు నిలబడి, తర్వాత కిందికి వచ్చాను. వాళ్ల తలుపు తెరిచే ఉంది. వంటింట్లోంచి "అమ్మా" అన్న మాట వినిపించింది. ఆ ఇంట్లో ఆ మాట విని చాలా రోజులైంది. తర్వాత ఆంటీ గొంతు, తగ్గు స్వరంతో, ఆగి ఆగి. శుక్రవారం పొద్దున వాడు ఎలా కళ్లు తెరిచాడో, మొదట ఏమన్నాడో, తర్వాత ఏమన్నాడో ఒక్కో మాటా చెబుతోంది. నాగశ్రీ మధ్యమధ్యలో "మళ్లీ చెప్పు" అంటోంది. నా హ్యాండ్‌బ్యాగ్ లోపల కుర్చీ మీదే ఉంది. దాని కోసం లోపలికి వెళ్లలేక అలాగే ఇంటికి నడిచాను. మర్నాడు మాసమ్మ దాన్ని తెచ్చి అమ్మకు ఇచ్చి వెళ్లింది.

సెప్టెంబరులో నాగశ్రీ తిరిగి పాదువా వెళ్లింది. ఆ సంగతి నాకు ఆంటీ ఫోన్ చేసి చెప్పింది. వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకుంటున్నారట, వీడియోలో చైతన్యన్న కూడా కూర్చుంటున్నాడట. "వస్తూ ఉండమ్మా" అంది ఆంటీ.

డాబా మీద చెప్పాక, తను బయల్దేరకముందు, నేను వాళ్లింటికి ఒక్కసారే వెళ్లాను. బెల్లు కొడితే నాగశ్రీయే తలుపు తీసింది. జుట్టు కొంచెం పెరిగింది. మొహంలో కోపమేమీ లేదు. తలుపు సగమే తెరిచి, చెయ్యి దాని మీదే ఉంచి నిలబడింది.

"అన్న ఎట్లున్నడు?"

"బాగున్నాడు. నిద్రపోతున్నాడు."

లోపలి గదిలోంచి చైతన్యన్న గొంతు వస్తోంది. "నీ... నీ..." అని ఒకే అక్షరం దగ్గర తడబడి, ఒక్క ఊపున "నీళ్లు" అన్నాడు. చాలా స్పష్టంగా. ఆంటీ నవ్వింది. మళ్లీ అన్నాడు, "నీళ్లు."

నాగశ్రీ నన్నే చూస్తోంది. కళ్లు తిప్పుకోలేదు.

"సరే" అన్నాను. "పడుకోనియ్. లేపకు."

తలుపు మెల్లగా మూసింది. నేను మెట్లు దిగాను.